టిల్డా చేతికి నా గులాబీ

అమ్మా, డులూత్‌లో నేను బాగానే ఉన్నాను, దగ్గు తగ్గింది.

నిన్న నేనూ హెల్గా అత్తా కలిసి వాళ్ల గులాబీల్ని చలికాలానికి పడుకోబెట్టాం. పక్కనే గొయ్యి తీసి, మొక్కని మెల్లగా వంచి, మట్టి కప్పేశాం. అప్పుడు చెప్పింది అత్త, ఇంటి దగ్గర నా గులాబీని ఈసారి టిల్డా పడుకోబెడుతుందట! నా ముఖం చూసి, "ఏంటే, చెల్లెలు ముట్టుకుంటే అరిగిపోతుందా? గులాబీతో నీకేమైనా పెళ్లయిందా?" అని ఒకటే నవ్వు. నేను స్కూల్ కోసం ఇక్కడికొచ్చి రెండు నెలలే కదా, అప్పుడే నా మొక్క దానిదైపోయిందా? నా మంచం కూడా అదే తీసుకుందా? నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండక్కి నేనొచ్చేదాకా ఆగమని నాన్నకి చెప్పు. నా ఉన్ని మేజోళ్లు పంపు.

కానీ అప్పటికి నేల గడ్డకట్టేస్తుందట. మొక్క చచ్చిపోతుందేమోనని భయంగా ఉంది. టిల్డా, ఈ కార్డు పోస్టు డబ్బాలోంచి తీసి ముందు నువ్వే చదువుతావని నాకు తెలుసు. ఇది నేనెవరికీ చెప్పలేదు, విను. నా గులాబీ కంచె వైపుకే వంగుతుంది. ఇంకోవైపు వంచావంటే మొదలు దగ్గరే విరిగిపోతుంది. నాన్న గ్లవ్స్ వేసుకో, ముళ్లు గట్టివి.

అమ్మకీ నాన్నకీ ముద్దులు. నీకు మాత్రం ఏప్రిల్‌లో మట్టి తీశాక, మొక్క బతికితేనే.

మారిట్