వార్డుకీ వార్డుకీ నడుమ తప్పిపోయిన మా అక్క గురించి

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు, ప్రధాన గేటు బయట సిమెంటు దిమ్మె మీద కూర్చుని రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మొన్న ఉదయం తమ అత్యవసర విభాగంలో చేర్చిన మా అక్క తమ ఆసుపత్రి లోపలే కనబడకుండా పోయిన సంగతి, ఆమెను వెతికినందుకు నాకిచ్చిన నోటీసుకు జవాబు, నన్ను లోపలికి రానివ్వమని ప్రార్థన.

1. నేను కుట్టుమిషన్లు బాగుచేసుకుని బతికేవాడిని. బడిలో చదివింది కొంచెమే, మిగతా చదువంతా బైబిలు లేఖనంలోనే. సాయంత్రాలు వీధి మలుపుల్లో వాక్యం చెబుతాను. మా పేటలో నన్ను "మైకు" అంటారు, మైకు అక్కర్లేని గొంతు కనుక. ఈ గొంతు నాకు ఊరికే రాలేదు. మా అక్కకు చిన్నప్పటి నుంచీ వినికిడి తక్కువ. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఆకలేస్తోందని చెప్పాలన్నా అరిచే చెప్పాలి. అలా అరిచి అరిచి బోధకుడినయ్యాను.

2. సదరు అక్క మొన్న ఉదయం మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నది. అత్యవసర విభాగంలో డాక్టరమ్మ చూసి, ఫోటో తీయించి, కొత్త భవనంలోని ఎముకల వార్డుకు పంపమన్నది. నేను మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్లి వచ్చేసరికి స్ట్రెచరు లేదు. అత్యవసర విభాగం వారు "పంపేశాం" అన్నారు. ఎముకల వార్డు వారు "రాలేదు" అన్నారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదని తరువాత తెలిసింది. నన్ను ఎక్కువ భయపెడుతున్నది అదే.

3. అంతట నేను ఎంక్వైరీ కిటికీ దగ్గర నిలబడి అడిగితిని. అద్దం వెనక కూర్చున్న అమ్మాయికీ నాకూ జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు మనవి చేస్తున్నాను.

"బెడ్ నంబరు చెప్పండి."

"అదే కదమ్మా నేను నిన్ను అడిగేది."

"బెడ్ నంబరు లేకుండా ఎలా వెతకమంటారండీ?"

"పేరుంది. వయసుంది. తుంటి విరిగింది. ముక్కూ మొహమూ అన్నీ చెబుతాను, రాసుకో."

"పేరు పెడితే రాదండీ. ఆ భవనం కంప్యూటరు వేరు, ఈ భవనం కంప్యూటరు వేరు. బెడ్ ఇచ్చాకే పేరు ఎక్కుతుంది."

"బెడ్ ఇవ్వకపోతే?"

ఆ పిల్ల తన కంప్యూటరు తెర ఇంకోసారి చూసింది. చెడ్డ పిల్ల కాదు. "ఇవ్వకపోతే ఇంకా రానట్టే కదండీ," అన్నది.

పక్కనే ఉన్న నా భార్య, "అంత పెద్ద దేవుడితో రోజూ మాట్లాడతారు, ఈ అద్దం అవతలికి ఒక్క మాట దాటించలేరా?" అన్నది.

4. ఇక్కడి పద్ధతి నేను గ్రహించినంతవరకు ఇది. రోగిని బయటికి తోయగానే పంపినవారు ఆ పేరు కొట్టేస్తారు. మంచం ఖాళీ అయినప్పుడు గానీ అందుకోవలసినవారు రాసుకోరు. ఆ నడుమ మనిషి ఎవరి మనిషీ కాదు. ఏ డాక్టరు రౌండులోనూ ఆమె ఉండదు. భోజనం బండి మంచాలను లెక్కపెట్టుకుని వస్తుంది కనుక ఆ లెక్కలోనూ ఉండదు. ఆమె నడవాలో ఒక గోడ పక్కన ఉంటుంది, అంతే. నా ఫోనుకు మాత్రం "మా సేవలు వినియోగించుకున్నందుకు ధన్యవాదాలు, త్వరగా కోలుకోండి" అని తమ ఆసుపత్రి నుంచి మెసేజి వచ్చింది.

5. అయ్యా, ప్రభువు సమాధి దగ్గరికి ఏడుస్తూ వెళ్లిన ఆడవాళ్లకు దేవదూత ఏమి చెప్పాడో లేఖనంలో ఉన్నది. మీరు వెతికే ఆయన ఇక్కడ లేడన్నాడు. తమ అద్దం వెనక కూడా ఆ మాటే చెబుతున్నారు. కానీ దూత అక్కడితో ఊరుకోలేదు. ఎక్కడికి వెళితే కనబడతాడో అదీ చెప్పి పంపాడు. చచ్చినవాడి సంగతి అడిగినవాళ్లకే అంత ఆనవాలు దొరికినప్పుడు, బతికున్న మనిషి కోసం అడిగినవాడికి ఏమీ దొరకకపోవడమేమిటి? ఇన్ని అంతస్తులు, ఇన్ని తెరలు, ఇన్ని బల్లలు ఉండీ మనిషి జాడ చెప్పలేని ఈ భవనాన్ని ఏమని పిలవాలో తమరే సెలవియ్యండి. నాకు నోటికొచ్చిన మాట అర్జీలో రాయతగినది కాదు.

6. లోపల తిరిగి వెతుకుదామంటే పాసు కావాలి. పాసు మీద బెడ్ నంబరు ఉండాలి. అందుకని, ఆదివారాలు రోగుల కోసం ప్రార్థన చేసుకోవడానికి తమరే ఇచ్చిన ప్రార్థన పాసు చూపించి నిన్న లోపలికి వెళ్లాను. పాత భవనాన్నీ కొత్త భవనాన్నీ కలిపే వంతెన నడవాలో రెండు గోడల పొడుగునా స్ట్రెచర్లు ఉన్నాయి. సెలైను సీసాలు కిటికీ కమ్మీలకు వేలాడుతున్నాయి. నేను ఒక్కసారి "అక్కా!" అని పిలిచాను.

"ఆఁ" అన్నది ఒక గొంతు. "ఇటు, ఇటు," అన్నది ఇంకొకటి. పరుగెత్తాను. ఒక పెద్దావిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "వచ్చావా తమ్ముడూ? ఇంత ఆలస్యమా?" అన్నది. కాసేపు నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు వాడివి కాదు," అన్నది.

"కాదమ్మా."

"అయితే మాత్రం ఏం? కాసేపు ఉండు."

ఇంకో స్ట్రెచరు మీద చేతికి కట్టు కట్టిన ముసలాయన తల ఎత్తి, "నేను ఎవరి అక్కనూ కానయ్యా. అయినా నేనూ ఇక్కడే ఉన్నానని ఎవరికైనా చెప్పు," అన్నాడు. నడవా పొడుగునా అలాగే పలుకుతున్నారు. ఎవరినో ఒకరిని వెతుకుతూ మనిషి వచ్చాడు, అదే చాలు వాళ్లకు.

ఒకరు మాత్రం పలకలేదు. మొహం మీదిదాకా దుప్పటి కప్పి ఉన్నది. తీసి చూశాను. ఎవరో కుర్రవాడు, ప్రాణం పోయి ఉన్నది. మా అక్క కాదని తెలియగానే నా నోట "దేవా, నీకు స్తోత్రం" అని వచ్చేసింది. అయ్యా, ఆ స్తోత్రం ఎక్కడికి పోయి చేరిందో నాకు తెలియదు. ఈ దిమ్మె మీద కూర్చుని కళ్లు మూసుకుంటే "ఇటు, ఇటు" అని వినబడుతున్నది. ఆ పిలుపుల్లో ఆ కుర్రవాడి గొంతు కూడా ఉన్నట్టుంటుంది, నేను దాన్ని ఎన్నడూ వినకపోయినా.

7. అంతలో సెక్యూరిటీ వారు వచ్చి నన్ను భుజాలు పట్టి బయటికి నడిపించారు. "రోగుల ప్రశాంతతకు భంగం కలిగించినందున" ప్రార్థన పాసు రద్దు అని నోటీసు ఇచ్చారు. దానికి నా జవాబు: అక్కడ ఉన్నది ప్రశాంతత కాదు. ఎవరూ అడగనందువల్ల పుట్టిన నిశ్శబ్దం.

8. కావున నేను ప్రార్థించునది ఏమనగా:

అవతలివారు "అందింది" అని చెప్పేదాకా ఇవతలివారు ఏ మనిషి పేరూ కొట్టివేయరాదు. కొట్టివేస్తే ఆ మనిషి ఇంకా వారి బాధ్యతే కావలెను.

పేరు చెప్పినా, వయసు చెప్పినా, ఫలానా పూట ఫలానా దెబ్బతో వచ్చిందని చెప్పినా, అన్ని భవనాల్లోనూ ఒక్క కిటికీ దగ్గరే వెతికి పెట్టవలెను. మనిషి ఎక్కడున్నదో ముందే తెలిసినవాడికి మాత్రమే పనికొచ్చే ఎంక్వైరీ ఎవరికి?

నడవాను కూడా ఒక వార్డుగా రాసుకోవలెను. దానికీ ఒక నర్సును ఇవ్వవలెను.

మందలో తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం మిగతా అన్నింటినీ విడిచి వెళ్లిన కాపరి కథ తమరికి తెలిసే ఉంటుంది. ఆ ఒక్కటి లేదని ఆయనకు ఎలా తెలిసిందో ఎప్పుడైనా ఆలోచించారా? సాయంత్రం కాగానే దొడ్డి దగ్గర నిలబడి లెక్క చూసుకున్నాడు గనుక. తమరూ ఈ సాయంత్రం ఆ నడవాలో ఒక్కసారి నిలబడి చూడండి. నా మీద కేసు పెట్టుకోండి, సంతకం పెడతాను. ముందు మా అక్క ఎక్కడున్నదో చెప్పండి.

పై సంగతులన్నీ తమరు చిత్తగించి, చిత్తగించడంతో ఆపక, కుర్చీలోంచి లేవవలెను.

ఇట్లు,
గేటు బయట నిలిచిన తమ విధేయుడు,
రోగి తమ్ముడు.

తాజా కలం: ఈ కాగితం మడవబోతుండగా గేటు పక్క కిటికీ కమ్మీలను ఎవరో స్టీలు గ్లాసుతో కొట్టారు. చూస్తే నిన్నటి కట్టు ముసలాయన. ఆయన స్ట్రెచరును అక్కడిదాకా తోసి వదిలేసినట్టున్నారు.

"ఏమయ్యా మైకు గొంతాయనా! మీ అక్కకు ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ ఉందా?"

ఉన్నది. నాకు పాలు కాస్తూ కాల్చుకున్నది. ఉందని అరిచాను.

"నిన్ను బయటికి గెంటాక మేమే ఒకరినొకరం అడిగి చూశాంలే. నేను పక్కామెను అడిగాను, ఆమె అవతలామెను, ఆమె ఆ అవతలాయన్ని. ఇప్పుడే జవాబు తిరిగొచ్చింది. వంతెన దాటాక లిఫ్టు వెనకాల ఒకామె ఉందట. పిలిస్తే పలకదట. చెయ్యి పట్టి కదిపితే కళ్లు తెరిచి, తమ్ముడు తిన్నాడా అందట."

"ఏ అంతస్తు?"

"అదే తెలియదయ్యా. ఇన్ని నోళ్లు దాటి వచ్చింది గదా, దారిలో ఎక్కడో జారిపోయింది. మళ్లీ అడుగుదామంటే మధ్యలో ఉన్న ఆవిణ్ని ఇందాకే ఎటో తోసుకుపోయారు."

అయ్యా, మిగతా సంగతులు నెమ్మదిగా చదువుకోండి. ఆ వరసలో ఇంకో స్ట్రెచరు కదలకముందే గేటు తీయించండి.