ఫ్యాన్ ఆపి తూచిన తూటాలు

ఒరేయ్ వీరయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ కూతురు నరసరావుపేటలో నా బంగారం కొట్టుకి వచ్చింది. చేతిలో నీ డబ్బా, దాన్నిండా ఖాళీ ఇత్తడి తూటాలు.

"బాబాయ్, రైఫిల్ పోటీకి వెళ్తన్నా. మందు నింపేముందు వీటిని తూచి, ఒకే బరువున్నయ్యి ఏరాలి. తేడా ఉంటే గురి తప్పుద్ది" అంది. అచ్చం నీ మాటే.

తూటాలు తూచడానికి నా కొట్టుకి వచ్చినప్పుడల్లా, మన కాటాకి గాజు తలుపులున్నయ్యి, గాలి తగలదురా అని ఎంత మొత్తుకున్నా నువ్వు విన్నావా? రోహిణి ఎండల్లో కూడా ఫ్యాన్ ఆపి నన్ను చెమటలో ముంచేవాడివి. చానా మొండోడివి.

ఈ పిల్ల డబ్బా మూత తీయకముందే లేచెళ్లి ఫ్యాన్ ఆపింది.

గాజు తలుపుల సంగతి నేను ఎత్తలేదురా.