అడగకుండా ఇచ్చే కరెంటు

వదినా,

ఫోన్ చేయక ఉత్తరమేంటని నవ్వకు. నా చేతిలో ఉన్నది ఆఫీసు ఫోను. గోడలకి చెవులుంటే దీనికి నోరు కూడా ఉందేమోనని నా భయం.

మా కమిటీ సంగతి తెలుసుగా. ఫోనుకొక చార్జరు, కెమెరాకొకటి, లాప్‌టాప్‌కొకటి మోయక్కర్లేకుండా, వెంట తిప్పుకునే వస్తువులన్నిటికీ ఒకే అడాప్టరు ఉండేలా నియమాలు రాస్తున్నాం. ఒక్కో కంపెనీ తరఫున ఒక్కొక్కరం. మా కంపెనీ తరఫున నేను. పిన్ను ఎలా ఉండాలన్నదాని మీదే ఏడాది కొట్టుకుని, చివరికి ఒప్పుకున్నాం. ఇక ఓటే తరువాయి అనుకుంటే కమిటీ పెద్దాయన అడ్డం తిరిగారు. "ఇంకొక్క పరీక్ష" అంటారు. అదవగానే ఇంకొకటి.

నాకీ పని నేర్పింది ఆయనే. అలాంటి మనిషి ఇప్పుడు నేను లాబ్‌లోకి వెళితే బల్ల మీద గబుక్కున గుడ్డ కప్పేస్తున్నారు. పోటీ కంపెనీ అతనితో క్యాంటీన్ మూల గుసగుసలు. నన్ను చూడగానే ఇద్దరూ టీ కప్పుల్లోకి చూస్తారు. మా డైరెక్టరు తేల్చేశాడు: "ఆయన్ని కొనేశారమ్మా. పాత చార్జర్లు అమ్ముకునేవాళ్ళకి ఎంత ఆలస్యమైతే అంత లాభం. ఆయన్ని తప్పించమని ఫిర్యాదు పెడదాం. శిష్యురాలివి, నువ్వు చెబితేనే నమ్ముతారు."

ఆయన మీద ఫిర్యాదంటే మనసొప్పడం లేదు వదినా. కానీ కళ్ళారా చూసింది అబద్ధమెలా అవుతుంది? సోమవారం సంతకం పెట్టేస్తాను. అన్నయ్యకి చెప్పకు.

నీ పిడుగు

* * *

పిడుగూ,

మీ అన్నయ్యకి చెప్పలేదు. చెబితే ఇంట్లో సభ పెడతారు.

నేను కాపురానికొచ్చిన కొత్తలో, నా జడ నిజమో సవరమో తేల్చుకోడానికి వెనకనుంచి వచ్చి లాగి చూసినదానివి నువ్వు. నా మెడ పట్టేసింది కానీ నీ అనుమానం తీరింది. ఆ పిల్ల ఇప్పుడు గుడ్డ కింద ఏముందో చూడకుండానే సంతకం పెడతానంటోంది! కళ్ళారా చూశానన్నావు. ఏం చూశావే? గుడ్డ చూశావు. ఇద్దరు టీ తాగడం చూశావు. మిగతాదంతా మీ డైరెక్టరు చెప్పిందే. వెళ్ళి ఆ పెద్దాయన్నే అడుగు. దొంగైతే ముఖమే చెబుతుంది. కాకపోతే జన్మంతా కుమిలిపోయే బాధ తప్పుతుంది.

మీ వదిన

* * *

వదినా,

అడిగాను. "ఆ గుడ్డ కింద ఏముంది సార్?" అన్నాను. ఆయన నన్నే చూస్తూ, "తెలుసుకుని ఎవరికి చెప్పాలి?" అన్నారు. నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. "మీరు అమ్ముడుపోయారంటున్నారు. కాదని చెప్పండి" అనేశాను.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "నేనా? నువ్వు అమ్ముడుపోయావని నాకు చెప్పారే! ఇక్కడి విషయాలన్నీ పోటీ కంపెనీకి చేరవేస్తున్నావని."

"ఎవరు చెప్పారు?" అన్నాను. మా డైరెక్టరేనట. క్యాంటీన్లో గుసగుసలు నా గురించే. నిజమేనా అని ఆ పోటీ కంపెనీ అతన్నే అడిగారట. అతను ఒట్టేసి కాదన్నా ఈయన నమ్మలేదట.

అప్పుడు గుడ్డ తీశారు. ఆయాసమొచ్చిన పిల్లల మూతికి పెట్టి మందు పీల్పించే చిన్న మిషను, నెబులైజరు. కరిగి ముద్దయిపోయింది. పక్కనే మా కంపెనీ అడాప్టరు. ఒకే పిన్ను అన్నిటికీ పడుతుందంటే జనం దేన్నయినా దేనికైనా తగిలిస్తారు కదా. అందుకే అడాప్టరు ముందు "నీకెంత కావాలి?" అని వస్తువుని అడిగి, అంతే ఇవ్వాలి. మాది అడగదు. లాప్‌టాప్‌కివ్వాల్సిన వోల్టేజీ అంతా తీసుకెళ్ళి ఆ చిన్నదాని గొంతులో పోసింది. ఖర్చు తగ్గుతుందని, నియమంలో "తప్పనిసరిగా" అన్నచోట "వీలైతే" అని మార్పించింది మా డైరెక్టరే. దాన్ని మళ్ళీ మార్చాలంటే రుజువు కావాలని ఈయన పరీక్షల మీద పరీక్షలు.

ఫిర్యాదు మీద సంతకం పెట్టలేదు. మీటింగులో ఆ ముద్దని అందరి ముందూ బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పాను. డైరెక్టరు పళ్ళు నూరుతూ, "నువ్వు ఎవరి మనిషివి?" అన్నాడు. "మొన్నటిదాకా మీ మనిషినే సార్. అందుకే మా గురువుని అనుమానించాను" అన్నాను. "వీలైతే" కొట్టేసి "తప్పనిసరిగా" రాశారు. ఓటు పెట్టారు. మా కంపెనీ తరఫున ఎత్తాల్సిన చెయ్యి నాదే కాబట్టి, ఎత్తాను. సాయంత్రానికి నా ఉద్యోగం ఊడింది.

పెద్దాయన గేటు దాకా వచ్చి, "రేపట్నుంచి మా లాబ్‌కి రా" అన్నారు. సరేనన్నాను. కానీ వదినా, నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను. ఆ మాట కూడా నన్ను పరీక్షించడానికేనేమోనని ఒక్క క్షణం అనిపించింది. అది ఆయనకీ తెలిసిపోయినట్టుంది, ముఖం తిప్పుకున్నారు. అయినా రేపు వెళతాను. ఎల్లుండీ వెళతాను. ఈ అనుమానం పోయేదాకా వెళుతూనే ఉంటాను.

నీ పిడుగు