ఊఁ అంటే సరే కాదు

బల్ల మీద నీలం కవరు ఉంది. అందులో ఉత్తరం చదివి, పెన్సిలుతో గుర్తు పెట్టిన రెండు చోట్లా సంతకం చెయ్యి. కుట్టు దుకాణానికి వెళ్తూ పోస్టాఫీసులో రిజిస్టర్ చేయించు, రసీదు పారెయ్యకు. ఈరోజే వెళ్ళాలి. కొత్త మిషన్ల లోను సంగతి బ్యాంకువాళ్ళు శుక్రవారం తేలుస్తారట.

లోను ఎందుకు ఆగిందో తెలిసింది. వేరెవరిదో బాకీకి పొరపాటున నీ నంబరు పట్టుకున్న వసూలు ఏజెన్సీ ఒకటి నీ క్రెడిట్ రిపోర్టును మూడుసార్లు తెరిచి చూసింది. దాంతో స్కోరు పడిపోయింది. ఎవరినడిగి చూశారని నిన్న ఆ ఏజెన్సీకి ఫోన్ చేశాను. "మేడమ్ ఒప్పుకున్నారు సార్, రికార్డింగ్ ఉంది" అని అక్కడి కుర్రాడు వినిపించాడు. అందులో అతను నీకు ఫోన్లో గడగడా ఏదో చదువుతున్నాడు, వెనక మిషన్ చప్పుడు, మధ్యమధ్య నీ "ఊఁ... ఊఁ..." నాకు నవ్వాగలేదు.

"అది ఒప్పుకోవడం కాదు బాబూ, మా ఆవిడ వింటున్నానని చెప్పడం" అన్నాను.

"వింటే ఒప్పుకున్నట్టేగా సార్" అన్నాడు.

ఏజెన్సీకి పంపే ఆ ఉత్తరంలో అదే రాశాను, ఊఁ కొట్టడం అనుమతి కాదని, చూసిన ఆ మూడుసార్లూ రిపోర్టులోంచి తీసేయించమని. మళ్ళీ ఫోన్ వస్తే "కుదరదు" అను. అద్దం ముందు ఒకసారి అని చూసుకో, నీకు అలవాటు లేని మాట.

ఇంకొకటి. పెళ్ళి చేసుకుందామా అని నేనడిగినప్పుడు కూడా నువ్వు గుడ్డ కత్తిరిస్తూ ఊఁ అనే అన్నావు. పదకొండేళ్ళుగా దాన్ని సరే అనే అనుకుంటున్నాను. పొద్దుటి నుంచీ అదే మనసులో తిరుగుతోంది. సాయంత్రం మాటల్లో చెప్పు. ఊఁ చెల్లదు.