చెక్క విమానానికి మూడు చిల్లులు

అమ్మా,

తమ్ముడు శిక్షణలో కొట్టిన చెక్క విమానాన్ని పంపమని, పిల్లకి వాళ్ల నాన్న గురి చూపిస్తానని రాశావు. నీ నాలుగు ఉత్తరాలకు నేను జవాబివ్వలేదు. అయినా కోపం లేకుండా ‘బావగారూ’ అని రాస్తున్నావు. అదే నాకు గుచ్చుకుంటోంది.

ఎగిరే విమానాన్ని తుపాకీతో కొట్టడం దాదాపు కుదరని పని. గుండు చేరేలోపు అది ముందుకు వెళ్లిపోతుంది. ఎంత ముందుకు గురిపెట్టాలో కంటికి అందదు. ఆ విద్య నేర్పే మాస్టారిని నేనే. తీగ మీద చెక్క విమానం పరుగెడుతుంటే జవాన్లు కాల్చేవారు. చక్రం తిప్పి దాన్ని లాగేది నేను. ఎవరి గుండూ తగల్లేదు. తమ్ముడి వంతు వచ్చేసరికి, నలుగురిలో మన ఇంటి పరువు పోకూడదని, నెమ్మదిగా తిప్పాను. మూడు తగిలాయి.

“ఇదేమంత కష్టం కాదు అన్నయ్యా” అన్నాడు. నేను వాడి భుజం తట్టాను.

వాడు పోయిన రోజు, నిజం విమానం వచ్చినప్పుడు అందరూ కందకంలో బోర్లా పడుకున్నారట. “ఉండండి, నేను కొడతాను” అని వాడొక్కడే లేచి నిలబడ్డాడట.

పార్సిల్ పంపుతున్నాను. పిల్లకి ఏం చెబుతావో నీ ఇష్టం. చిల్లులు మూడూ పక్కపక్కనే ఉంటాయి, చూడు. అంత నెమ్మదిగా తిప్పాను.

మీ బావ