మొదటి కార్డు ఆయనది

తమ్ముడూ,

ఎట్లా ఉన్నావని అడగడం అర్థం లేని పని. అయినా చెయ్యి అలవాటు కొద్దీ అదే రాయబోయింది. నువ్వు పోయి ఆరేళ్లు. నేను బాగానే ఉన్నాను, మోకాళ్లు తప్ప.

నీ సినిమా డబ్బాలు ఇప్పుడు నాంపల్లిలో, నా గదిలోనే ఉన్నాయి. నువ్వు దాచిన ల్యాబ్ మూతపడితే ఆటోలో వేసుకుని తెచ్చాను. పన్నెండు రీళ్లు. నెగెటివ్ ఏ గోదాములో చీకిపోయిందో ఎవరికీ తెలియదు. ఇక మిగిలింది ఈ ఒక్క ప్రింటే. మూత తీస్తే గదంతా పులిసిన వాసన... రీలు పాడైపోతూ ఉంటే ఆ వాసనే వస్తుందట.

ముంబయి నుంచి పాత ఫిల్ములు బాగుచేసే నిపుణుడు ఒకడు వచ్చి చూశాడు. శుభ్రం చేసి, చిరిగినచోట అతికించి, డిజిటల్‌లోకి ఎక్కించడానికి పద్దెనిమిది లక్షలు అన్నాడు.

సరే, చందాలు అడుగుదాం అనుకున్నాను. క్లాసిక్ అని అందరూ అంటారు కదా? లక్డీకాపూల్‌లో ఒక సభ పెట్టారు. ఆరుగురు మాట్లాడారు. ఆరుగురూ నాకు శాలువాలు కప్పారు, మండుటెండల్లో, ఒకదాని మీద ఒకటి. నేను రసీదు పుస్తకం బయటికి తీసేసరికి ముందు వరుస భోజనాలకు లేచింది. ఆ శాలువాల డబ్బు పెడితే రీళ్లకు కొత్త డబ్బాలైనా వచ్చేవి. నువ్వుంటే నవ్వేవాడివి. నాకు నవ్వు రాలేదు.

తర్వాత ప్రతి ఆదివారం అబిడ్స్‌లో కూర్చున్నాను. పాత పుస్తకాలు అమ్మే మల్లేశం "గీడ కూసో పెద్దమ్మ, ఎండ వడదు" అని తన గైడ్ల పక్కన స్టూలు వేశాడు. పది రూపాయలిచ్చినా రసీదు రాశాను. హీరో ఎవరని అడిగేవాళ్లు. నాంపల్లి స్టేషన్ హమాలీ కథ అని చెబితే ఇంకో పుస్తకం తిరగేసేవాళ్లు. ఒకాయన "గిన్ని పైసలెందుకు పెద్దమ్మ, యూట్యూబుల వెట్టరాదు?" అని సలహా ఇచ్చి పోయాడు. సలహాకు రసీదు రాయలేదు.

ఏడు లక్షల దగ్గర అంతా ఆగిపోయింది.

అప్పుడు గన్‌ఫౌండ్రీ నుంచి కబురొచ్చింది. నీ సినిమా పంపిణీ చేసిన రాజేశ్వరరావు గుర్తున్నాడా... ఎట్లా మరిచిపోతావులే. రెండో వారంలోనే అబిడ్స్ హాల్లోంచి నీ సినిమా ఎత్తేయించి, వేరేది వేయించినవాడు. "అక్కా, ఆయన దించింది పోస్టర్ గాదు, నన్ను" అన్నావు ఆ రోజు. మళ్లీ సినిమా జోలికి పోలేదు. రిటైరయ్యేదాకా ఆఫీసులో ఫైళ్లు మోశావు.

ఆయనా పోయాడు. కబురు పంపింది కొడుకు, ఇప్పుడు పెద్ద వ్యాపారి. మిగిలిన డబ్బంతా తానే ఇస్తానన్నాడు. ఒక్కటే కోరిక. సినిమా మొదలవగానే "సమర్పణ" అని వాళ్ల నాన్న పేరు పడాలి. మన సినిమాల్లో ఆ కార్డు ఎక్కడుంటుందో నీకు నేను చెప్పాలా? దేవుడి పటం తర్వాత అదే. దర్శకుడిగా నీ పేరు అన్నిటికన్నా చివర.

"మా బాపు పానం వెట్టి రిలీజ్ చేసిండు పెద్దమ్మా" అన్నాడు. అబద్ధమాడటం లేదు. నిజంగానే నమ్ముతున్నాడు. అందుకే నాకు ఎక్కువ మండింది. రెండో వారం సంగతి చెప్పాను. "పాత ముచ్చట్లు ఇప్పుడెందుకు, చాయ్ తాగున్రి" అన్నాడు. తాగకుండా లేచి వచ్చేశాను.

నిపుణుడు మళ్లీ వచ్చాడు. అయిదో రీలు విప్పబోతే చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని, బొమ్మ పొరలు పొరలుగా ఊడి వచ్చింది. నీ హమాలీ కూతురిని భుజాన ఎక్కించుకుని స్టేషన్ మెట్లు దిగే చోటు... ఇక లేదు. నాకు తప్ప ఎవరికి గుర్తుంది? వచ్చే ఎండాకాలం దాటితే మిగతావీ ఇంతే అన్నాడు.

నువ్వైతే ఏం చేసేవాడివి? "నా పేరు లేకున్న మంచిదే అక్కా, జనం జూడాలె" అనేవాడివి. అది నీ మంచితనమా, చేతకానితనమా? ఆ రోజు హాల్లో రాజేశ్వరరావు ముందు నిలబడి ఒక్క మాట గట్టిగా అని ఉంటే... పోనీ.

నిన్న వెళ్లి సంతకం పెట్టాను. ఒక్క షరతు రాయించాను. వాళ్ల నాన్న కార్డు తెర మీద ఎన్ని సెకన్లుంటే నీ కార్డూ అన్ని సెకన్లుండాలి. ఒక్కటీ తగ్గకూడదు. "గంతేనా పెద్దమ్మా?" అని నవ్వాడు. ఔ, అంతే. మనకు దక్కింది అంతే.

రేపు రీళ్లు ముంబయికి వెళ్తాయి. పదకొండు. అయిదోది కూడా డబ్బాలో పెట్టి పంపుతున్నాను, ఏ నాలుగు బొమ్మలైనా దక్కుతాయేమో అని. నీ సినిమా బతుకుతుంది, నిన్ను ఆపేసినవాడి పేరుతో మొదలై. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. ఈ ఒక్కసారి ఎదురు చెప్పను.

మొదటి ఆట నాడు ఆ పేరు పడగానే హాలంతా చప్పట్లు కొడుతుంది. సగం వాళ్ల మనుషులే ఉంటారు. నా చేతులు మాత్రం ఒళ్లోనే ఉంటాయి, నీ పేరు వచ్చేవరకు. అంతకు మించి నీకు ఏం మాట ఇవ్వగలను?

అక్క