వదిన ఉతికిన బట్ట

మార్చి 9, ఆదివారం

చిరంజీవి మరిదికి,

వదిన ఆశీస్సులు. మేమిక్కడ క్షేమం, మీరంతా అక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి కదా, పెట్టాను. ఇందులో ఎంత నిజమో, ఎంత మర్యాదో ఉత్తరం చివరికొచ్చేసరికి నీకే తెలుస్తుంది.

ఆరేళ్ళ తర్వాత ఉత్తరమేంటి, ఫోన్ లేదా అనుకుంటావు. ఫోన్ చేస్తే నేను మొదటి మాటకే ఏడుస్తాను, నువ్వు సరే వదినా, ఉంటాను అని పెట్టేస్తావు. కాగితమైతే తప్పు రాసినచోట కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు. పైగా ఇది నా ఒక్కదాని ఉత్తరం కాదు. సగం మీ అన్నయ్య చెబుతుంటే రాస్తున్నాను. నేను వంటింట్లో కిటికీ పక్కన కూర్చున్నాను, ఆయన కిటికీ అవతల, కార్లు కడిగే మన షెడ్డులో బకెట్లు బోర్లిస్తూ చెబుతున్నారు. ఎదురుగా కూర్చుని చెప్పడానికి మొహం చెల్లడం లేదని నా అనుమానం.

సంగతేంటంటే, మొన్న మా అమ్మాయి ఫోన్‌లో ఒక ఫోటో చూపించి, బాబాయ్ కారు కొన్నాడమ్మా అంది. నీ కూతురు పంపిందట. పిల్లలిద్దరూ మనకి తెలియకుండా కబుర్లు చెప్పుకుంటూనే ఉన్నారు, మనకంటే వాళ్ళే నయం. నేను కారు పక్కన నిలబడ్డ నిన్ను చూశాను. జుట్టు పల్చబడింది, పొట్ట వచ్చింది, మా తోడికోడలి వంటకి వంక పెట్టక్కర్లేదని అర్థమైంది. మీ అన్నయ్య మాత్రం కారునే చూశారు. ఫోటోని పెద్దది చేయించుకుని బానెట్ దగ్గర ఆగిపోయారు. ఎండ పడినచోట సన్నని గీతలు, గుండ్రంగా, సాలెగూడులా ఉన్నాయి. ఎవరో పొడిబట్టతో గుండ్రంగా రుద్దుతున్నారు అన్నారు. ఫోన్ తిరిగిచ్చేస్తూ, భూతద్దం కారుకి గీతలేంటి అన్నారు.

షెడ్డులో నీకా పేరు పెట్టింది ఆయనే కదా. ఎవరి కంటికీ ఆనని గీతని నువ్వు పది అడుగుల దూరం నుంచి పట్టేసేవాడివి. అలాంటివాడు తన కారునే అలా వదిలేశాడంటే ఆ పని మీద మనసు విరిగిపోయినట్టే అని తనలో తాను గొణుక్కుని, ఆ పూట సగం అన్నంలోనే లేచారు. ఇవాళ పొద్దున కాగితం తియ్యి, వాడికి నాలుగు మాటలు రాయి అన్నారు. పొరపాటైందనో, మర్చిపొమ్మనో రాయమంటారని ఆశపడ్డాను. ఆయన సంగతి నీకు తెలియనిదా. రాయి, ముందు ఒట్టి నీళ్ళు కొట్టమని రాయి అన్నారు.

నీకు కారు కడగడం చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా విను.

నీ కారు నలుపు మెత్తదట. ఆరేళ్ళ కింద మన షెడ్డుకొచ్చిన డాక్టరమ్మ కారుదీ అదే నలుపట, ఫోటోలో చూడగానే గుర్తుపట్టారు. గోరు తగిలినా మర్చిపోని రంగు అది. ఎండలో కడగొద్దు, రేకు చల్లబడ్డాకే నీళ్ళు పట్టాలి. తర్వాత నురగ కొట్టి, అది తనంతట తాను జారి మట్టిని దించుకుపోయేదాకా చెయ్యి పెట్టకూడదు. వాడికి తొందరెక్కువ, అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడమను అన్నారు. తొందర ఎవరికెక్కువో నాకు తెలుసు గానీ, చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

బకెట్లు రెండుండాలి. సబ్బునీళ్ళదొకటి, ఒట్టి నీళ్ళదొకటి, రెండింటి అడుగునా జల్లెడ, మట్టి దాని కిందకి దిగిపోవడానికి. చేతి తొడుగుని ప్రతిసారీ ఒట్టి నీళ్ళలో జాడించాకే మళ్ళీ సబ్బులో ముంచాలి. పైకప్పు నుంచి కిందికి రావాలి, చెయ్యి తిన్నగా పోవాలి, గిరగిరా తిప్పకూడదు. ఉంగరం, గడియారం, బెల్టు ముందే తీసి పక్కన పెట్టాలి. నీ ఉంగరం ఇప్పుడు వేలికి బిగుసుకుపోయి ఉంటుంది, సబ్బు రాసి లాగు. ఇది మాత్రం నా సొంత సలహా.

తడి తీసేటప్పుడు రుద్దొద్దన్నారు. బట్ట పరిచి, అద్ది, ఎత్తాలి. కిందపడ్డ బట్ట మళ్ళీ కారెక్కకూడదు, దులిపినా సరే. పొడి కారు మీద దుమ్ము ఉందని బట్టతో విదిలించడం మహాపాపం. చక్రాలకి ఎర్ర అంచు బట్ట, ఒంటికి నీలం అంచు బట్ట, రెండూ ఎప్పుడూ కలవకూడదు. ఆ అంచులు నా కుట్టు మిషన్ మీద కుట్టినవే, నీకు గుర్తుండే ఉంటుంది. ఒకసారి దారం అయిపోయి నాలుగింటికి పసుపు అంచు వేస్తే, ఇవి పెళ్ళివారి కార్లకా వదినా అని ఏడిపించావు.

చివరగా, ఒంటిని తుడిచే ఏ బట్టనైనా ముందు పాత సీడీ వెనక, మెరిసే వైపు రుద్ది చూడమన్నారు. గీత పడితే ఆ బట్ట కారు ఛాయలకి పోకూడదు. మీ తమ్ముడు తెచ్చిన పద్ధతి మీ తమ్ముడికే చెబుతున్నారండీ అన్నాను. తెలుసు, ఆ ఒక్కరోజు కూడా వాడు ఆ పని చేసి ఉంటే, అని ఆగిపోయారు. ఇంకో బకెట్ బోర్లించి, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని రాయి అన్నారు. గీత పడ్డాక దాన్ని తీయడమంటూ ఏదీ ఉండదట. చుట్టూ ఉన్న రంగుని ఆ గీత లోతుదాకా అరగదీయడమే. మెత్తరంగు అలా ఎక్కువసార్లు ఓర్చుకోదని రాయమన్నారు.

అంతలో ఎవరో బండి తెచ్చారు, ఆయన అటు వెళ్ళారు. ఇక నుంచి రాసేది నాది.

ఆ రోజు గురించి మనింట్లో ఎవరూ మాట్లాడరు. షెడ్డు నీడలో డాక్టరమ్మ కారు అద్దంలా ఉంది. ఆవిడ ఎండలోకి తీసి, ఆపి, దిగి చూసి, మళ్ళీ వెనక్కి తెచ్చింది. కళ్ళ డాక్టరమ్మ కదా, ఆవిడకి కనపడకపోతే ఇంకెవరికి కనపడతాయి. కుడివైపు రెండు తలుపులూ, బానెట్టూ గీతలే. కారు కొని నెల కాలేదు. మీ అన్నయ్య ఆవిడ ముందే నిన్ను, బట్టని సీడీ మీద చూశావా అని అడిగారు. నువ్వు, వదిన ఉతికాక చూడటమెందుకన్నయ్యా అన్నావు. నువ్వన్నది మామూలుగానే. ఆయన చెవికి అది వేరేగా వినపడింది. తప్పు నువ్వు చేసి మీ వదిన మీదికి నెడతావా అని కేకలేశారు. ఇక ఈ షెడ్డులో అడుగుపెట్టకు అనేశారు. నువ్వు ఏప్రన్ విప్పి, మడతపెట్టి, బల్ల మీద ఉంచి వెళ్ళిపోయావు. కోపంలో కూడా మడత సరిగ్గా పెట్టావు.

ఆ కారుతో ఆయన మూడు రోజులు కుస్తీ పట్టారు. డాక్టరమ్మ తీసుకెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఆ తర్వాత గేటు మీద నల్ల కార్లు కడగబడవు అని రాయించారు. ఎందుకని ఎవరైనా అడిగితే, చేసేవాడు లేడు అంటారు. ఆరేళ్ళుగా అదే సమాధానం.

అత్తయ్య పోయినప్పుడు నువ్వొచ్చి వాకిట్లోనే నిలబడ్డావు, మెట్టెక్కి ఇంట్లోకి రాలేదు. అన్నదమ్ములిద్దరూ వాకిట్లో పడుకోబెట్టిన తల్లికి చెరోవైపు ఉండి ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నేను మంచినీళ్ళు తెస్తే వద్దు వదినా అన్నావు. అంత మర్యాదగా నువ్వు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. అత్తయ్య చివరి నెలల్లో మంచం మీద నుంచి రోజూ అడిగేది, చిన్నాడు షెడ్డులో ఉన్నాడా అని. ఉన్నాడత్తయ్యా, పనిలో ఉన్నాడు అనేదాన్ని.

సెలవుల్లో పిల్లని, మా తోడికోడలిని తీసుకుని ఆ కారులోనే రా. మీ అన్నయ్య నోరు తెరిచి రమ్మనలేదు. కానీ నిన్న సాయంత్రం పాలిష్ మిషన్‌కి కొత్త స్పాంజి తెచ్చారు, నల్ల రంగుకి వాడే మెత్తది. నల్ల కార్లే తీసుకోనివాళ్ళకి అదెందుకండీ అని నేను అడగలేదు.

ఇట్లు,
నీ వదిన

తా.క. ఆయన చెప్పిన భాగం వరకు చదివి వినిపించాను. బాగుంది, కవరు అంటించు అన్నారు. ఇది ఆయన అటు వెళ్ళాక రాస్తున్నాను.

కవరులో ఒక సీడీ ఉంది, చూశావా. వెలుతురుకి పెట్టి వాల్చి చూడు, నీకు చెప్పక్కర్లేదు. ఆ గీతలు నీ చేతివి కావు.

డాక్టరమ్మ కారు రావడానికి ముందురోజు కుళాయి సరిగా రాలేదు. ఎర్ర అంచువీ నీలం అంచువీ రెండుసార్లుగా ఉతకడానికి నీళ్ళు చాలవు. ఒక్కసారికి ఏమవుతుందిలే అని అన్నీ కలిపి వాషింగ్ మిషన్‌లో వేసేశాను. నువ్వు వెళ్ళిపోయిన సాయంత్రం, నువ్వు వాడిన నీలం అంచు బట్టని చేతిలోకి తీసుకుంటే ఏదో సన్నగా గుచ్చుకుంది. చక్రాల దగ్గర రాలే ఇనప పొడి, ఎర్ర అంచు బట్టల్లోంచి దీనికి అంటుకుంది. నువ్వు నేర్పినట్టే సీడీ మీద రుద్దాను. వెంటనే గీతలు పడ్డాయి.

అప్పుడే పరిగెత్తి చెప్పాల్సింది. చెబితే ఆయన నన్నేం చేసేవారు, ఒకరోజు విసుక్కునేవారు. భయమైతే కాదు మరిదీ. అసలు కారణం రాయడానికే ఇన్ని కాగితాలు చింపాను. అప్పటికి పెళ్ళైన పదకొండేళ్ళలో మీ అన్నయ్య నా తరఫున నిలబడి గొంతెత్తింది ఆ రోజే మొదటిసారి. మీ వదిన మీదికి నెడతావా అన్నప్పుడు నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాను. నీకు తిట్లు పడుతుంటే బాధపడ్డాను, ఆ మాటకి మాత్రం లోపల మురిసిపోయాను. ఆ పూట ఆయన నాతో ఎంత నెమ్మదిగా మాట్లాడారో. ఆ మురిపెం పోగొట్టుకోలేక రేపు చెబుదాంలే అనుకున్నాను. ఒక్క రేపు దాటాక రెండో రేపు ఇంకా కష్టమైంది. తర్వాత షెడ్డులో ఎవరు బట్టల మాటెత్తినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడ్డాను. సీడీని కుట్టు మిషన్ సొరుగులో, దారపుండల కింద దాచాను. అత్తయ్య దగ్గర నువ్వు నిలబడ్డ రోజు కూడా అది అక్కడే ఉంది, నేను మంచినీళ్ళు పట్టుకుని నీ ముందుకొచ్చాను.

ఆ బట్టని నువ్వు పరీక్ష చేయకపోవడానికి కారణం నేను ఉతికానన్న నమ్మకం. నేనెన్ని కారణాలు చెప్పుకున్నా ఆ దగ్గరికే వచ్చి ఆగిపోతున్నాను. నన్ను క్షమించమని అడగను. మీ అన్నయ్యని మాత్రం తప్పుపట్టకు, ఆయనకి తెలియదు.

సోమవారం. ఆయనకి తెలియదు అని రాసి కవరు అంటించబోతే చెయ్యి రాలేదు. అది మళ్ళీ దాచడమే కదా. పొద్దున ఆయన్ని కూర్చోబెట్టి ఈ తాజాకలం మొత్తం చదివాను. విన్నారు. సీడీ కోసం చెయ్యి చాపారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటు ఇటు వాల్చి చాలాసేపు చూశారు. నన్ను ఒక్క మాట అనలేదు, ఇప్పటిదాకా నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంకా ఎన్నాళ్ళు మాట్లాడరో తెలియదు, ఎన్నాళ్ళైనా నాకు న్యాయమే. సీడీని శుభ్రమైన నీలం అంచు బట్టలో చుట్టి కవరులో పెట్టారు. తర్వాత నా చేతిలోంచి కలం తీసుకున్నారు.

కవరు మీద నీ పేరు ఎవరి చేతిరాతో ఒకసారి చూడు.